నిండుగా తిరిగొచ్చిన నీళ్ల సీసా: బడి మొదటి ఏడాది, ఒక కేసు

పిల్లల మానసిక నిపుణురాలిగా నా దగ్గరికి బడి మొదలైన మొదటి వారంలో పెద్దగా ఎవరూ రారు. ఆ వారం ఏడుపు అందరూ ఎదురుచూసేదే. రెండో నెలలో వస్తారు. "అలవాటైపోయాడనుకున్నాం మేడమ్, మళ్లీ ఏమొచ్చిందో తెలీడం లేదు" అంటారు. ఈ కేసు కూడా అదే మాటతో మొదలైంది. కుటుంబం ఒప్పుకున్నాకే, ఆనవాళ్లు తెలియకుండా వివరాలు మార్చి రాస్తున్నాను. ఇందులో నేను చేసిన పొరపాటు ఒకటుంది. రాయాలనిపించడానికి అదే కారణం.

వచ్చేటప్పటికి ఉన్న పరిస్థితి

బాబుకి 5 ఏళ్ల 8 నెలలు. అంతకుముందు ఎక్కడికీ పంపలేదు, అమ్మమ్మ దగ్గరే పెరిగాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగస్థులు. మొదటి రెండు వారాలు బుద్ధిగా వెళ్లొచ్చాడు. మూడో వారం నుంచి పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలైంది. ఐదో వారానికి యూనిఫాం చూస్తేనే ఏడుపు. నా దగ్గరికి తెచ్చింది ఏడో వారంలో, అప్పటికి 9 రోజులు మానేశాడు.

నా ముందే భార్యాభర్తలకి వాదన వచ్చింది. "ఆదివారం ఈ నొప్పి ఉండదు మేడమ్. మరి నటన కాదా?" అని ఆయన. "నటనైతే చెమటలెందుకు పడతాయి?" అని ఆవిడ. ఇంట్లో ఈ గొడవ చాన్నాళ్లుగా నడుస్తోందని వినగానే తెలిసిపోయింది, ఎవరి మాటలు వాళ్లకి కంఠతా వచ్చేసినట్టున్నాయి.

నొప్పి ఎక్కడని అడిగితే బాబు బొడ్డు మీద వేలు పెట్టాడు. బొడ్డుకి ఎంత దూరంగా చూపిస్తే శరీరంలో జబ్బు ఉండే అవకాశం అంత ఎక్కువని జాన్ ఆప్లే అనే బ్రిటిష్ పిల్లల డాక్టర్ చెప్పిన పాత సూత్రం ఒకటుంది. ఆయన, సహ పరిశోధకురాలు నైష్ కలిసి 1958లో వెయ్యి మంది బడి పిల్లల్ని పరిశీలించి, దాదాపు పదిమందిలో ఒకరికి మాటిమాటికీ కడుపునొప్పి వస్తోందని రాశారు. భయంతో వచ్చే కడుపునొప్పి కూడా అచ్చమైన నొప్పే. పేగులకీ మెదడుకీ మధ్య నరాల రాకపోకలు రెండు వైపులా ఉంటాయి. పరీక్ష రోజున పెద్దవాళ్లకి కడుపులో తిప్పినట్టుంటే నటన అనం కదా. ఆ సంగతి తండ్రికి చెప్పాను. సగం ఒప్పుకున్నాడు.

నా మొదటి అంచనా

గేటు దగ్గర తల్లి చెయ్యి వదలడు. "నువ్వే వస్తావా? మర్చిపోవు కదా?" అని పదిసార్లు అడుగుతాడు. రాత్రి ఆవిడ పక్కన లేకపోతే నిద్రపోడు. అమ్మమ్మ ఒడి తప్ప వేరే లోకం తెలియని పిల్లాడు. ఇవన్నీ చూసి నేను ఫైల్లో 'వేర్పాటు భయం' అని రాసుకున్నాను. అయినవాళ్లు కనుమరుగైతే బెంబేలెత్తిపోవడం 10 నుంచి 18 నెలల వయసులో పిల్లలందరికీ ఎక్కువగా ఉంటుంది, మూడేళ్లు దాటేసరికి చాలావరకు తగ్గుతుంది. ఆ తర్వాత కూడా వయసుకి మించి ఉండి, కనీసం 4 వారాలు సాగి, చదువుకో ఇంట్లో బతుక్కో అడ్డం పడుతుంటే దాన్ని రుగ్మతగా లెక్కిస్తాం. ఇక్కడ లెక్క సరిపోయినట్టే కనిపించింది.

దానికి తగ్గ సలహాలు ఇచ్చాను. ఇప్పటికీ అవి మంచివే అంటాను. రోజూ ఒకే మనిషి దింపాలి. వీడ్కోలు నిమిషంలో అయిపోవాలి. పిల్లాడు అటు తిరిగినప్పుడు దొంగతనంగా జారుకోవద్దు. ఒక్కసారి అలా చేస్తే రేపట్నుంచి వాడి కళ్లు ఆట మీద ఉండవు, తలుపు మీదే ఉంటాయి. "మూడున్నరకి వస్తా" అంటే ఐదేళ్ల పిల్లాడికి ఏమీ అర్థం కాదు. "ఆట పీరియడ్ అయ్యాక, బ్యాగు సర్దుకోగానే వస్తా" అంటే ఎదురుచూడటానికి ఒక ఆనవాలు దొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మానిపించవద్దు. ఏడ్చిన రోజున ఇంట్లో ఉంచేస్తే పిల్లాడికి ఎంత హాయిగా ఉంటుందంటే, రేపు ఇంకొంచెం గట్టిగా ఏడవాలని ఆ హాయే నేర్పుతుంది.

రెండు వారాల తర్వాత చూస్తే గేటు దగ్గర ఏడుపు ఇరవై నిమిషాల నుంచి ఐదు నిమిషాలకి దిగింది. కడుపునొప్పి మాత్రం ఏమీ తగ్గలేదు. సాయంత్రం ఇంటికొచ్చాక చిరాకు పెరిగింది. ఒకరోజు దారిలో నిక్కరు తడిపేసుకున్నాడు.

సాయంత్రపు చిరాకుల గురించి తల్లిదండ్రులు తరచూ అడుగుతారు, కాబట్టి ఇక్కడ ఒక మాట. రోజంతా క్లాసులో బంగారంలా ఉన్నవాడు ఇంటికి రాగానే బ్యాగు విసిరేసి చిన్న విషయానికి రభస చేస్తున్నాడంటే అది చెడిపోవడం కాదు. చెప్పినట్టు కూర్చోవడం, వంతు కోసం ఆగడం, ఏడుపు మింగడం, ఇవన్నీ ఐదేళ్లవాడికి మోత బరువు పని. ఆ బరువు దింపుకునేది తనని వదిలిపెట్టరని నమ్మకం ఉన్నచోటే. రాగానే ప్రశ్నలు వేయకుండా అరగంట వదిలేస్తే చాలామందిలో సర్దుకుంటుంది. ఈ బాబుకి సర్దుకోలేదు.

టీచర్ చెప్పింది, అమ్మమ్మ చెప్పింది

నేను మొదటి రోజే చేయాల్సిన ఫోన్, వాళ్లు నా దగ్గరికి రావడం మొదలైన మూడో వారంలో చేశాను. క్లాస్ టీచర్ పదిహేను నిమిషాలు ఓపిగ్గా మాట్లాడారు. "ఏడుపంతా గేటు దగ్గరే మేడమ్. లోపలికొచ్చిన పది నిమిషాలకి మామూలే, పాటలు కూడా పాడతాడు. మధ్యాహ్నం తర్వాతే కుదురుండదు. కాళ్లు పెనవేసుకుంటాడు, మడమ కిందపెట్టుకుని దాని మీద కూర్చుంటాడు. ఆడుకోమని పంపితే గోడ పక్కన నిలబడిపోతాడు. హైపర్ ఏమో ఒకసారి చూడండి."

'మడమ' అన్న మాట దగ్గర నా పెన్ను ఆగింది. కాళ్లు పెనవేయడం, మడమని కింద నొక్కిపెట్టి కూర్చోవడం, ఇవి పిల్లలు ఆపుకునేటప్పుడు చేసే పనులు. పరిగెత్తితే ఆపుకోవడం కష్టం, అందుకే గోడ పక్కన నిలబడటం. వేర్పాటు భయమే అయితే అమ్మ వెళ్లిన మొదటి గంట గడ్డుగా ఉండాలి, వీడికి చివరి గంటలు గడ్డుగా ఉన్నాయి. ఫైలు వెనక్కి తిప్పాను. మొదటి రోజు రాసుకున్న పేజీలో ఆఖరి లైను ఇది: "నీళ్లు తాగడు. సీసా ఎలా పంపితే అలాగే నిండుగా తిరిగొస్తోందని అమ్మమ్మ." పక్కన నేనే ఒక ప్రశ్నార్థకం పెట్టుకుని ఊరుకున్నాను.

అమ్మమ్మతో విడిగా మాట్లాడాను. పెద్దావిడ ఏమాత్రం తడుముకోలేదు. "రాగానే బూట్లు కూడా విప్పకుండా బాత్రూంలోకి ఉరుకుతాడమ్మా. రెంటికైతే నాలుగైదు రోజులకోసారి. లోపలి నిక్కరుకి మరకలుంటాయి, సరిగ్గా కడుక్కోవడం రావట్లేదేమో అనుకున్నా." బట్టలు ఉతికేది ఆవిడ కాబట్టి ఈ సంగతి తల్లికి తెలియదు, తండ్రికి అసలే తెలియదు. ముందే చెప్పలేదేమని కూతురు కోప్పడితే ఆవిడ అన్నది ఒక్కటే: "నన్నెవరడిగారు?"

పిల్లాడి రోజులో ఎక్కువ భాగం చూసే మనిషిని మొదటిరోజే పిలవకపోవడం నా తప్పు. అంతకన్నా పెద్ద తప్పు, పిల్లల డాక్టర్ చూశాకే మానసిక కారణం మాట ఎత్తాలన్న నియమాన్ని పక్కన పెట్టడం. బొడ్డు సూత్రం నాకు తొందరపడటానికి వీలిచ్చింది. మలబద్ధకం నొప్పి కూడా బొడ్డు చుట్టూనే రావచ్చు.

పిల్లల డాక్టర్ పొట్ట నొక్కి చూడగానే గట్టిపడిన మలం చేతికి తగిలింది. జరిగేది ఇదీ. ఆపుకున్నకొద్దీ పెద్దపేగు అందులోని నీటిని పీల్చేస్తూనే ఉంటుంది. మలం రాయిలా అవుతుంది. వెళ్తే నొప్పి, నొప్పికి భయపడి మళ్లీ ఆపుకోవడం. కొన్నాళ్లకి పేగు చివరి భాగం సాగిపోయి, నిండిందన్న కబురు మెదడుకి సరిగ్గా అందదు. అప్పుడు పలచటి మలం పక్కల నుంచి కారి బట్టకి అంటుతుంది. అది పిల్లాడికి తెలిసి జరిగేది కాదు, తిట్టినా కొట్టినా ఆగదు. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది కాబట్టి నిక్కరు తడపడం కూడా అందులో భాగమే. వీడేమో ఒకటికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లే మానేశాడు, దాంతో మలం ఇంకా గట్టిపడింది.

తండ్రి పట్టుకున్న ఆదివారం చిక్కు కూడా ఇక్కడే వీడింది. ఏదైనా తినగానే పెద్దపేగు కదలిక పెరగడం సహజం. బడి రోజున పొద్దున తిన్న వెంటనే ఆ కదలిక వచ్చేసరికి బూట్లు, బ్యాగు, ఆటో హారన్. ఆపుకోవడం, మెలిపెట్టడం. ఆదివారం తీరిగ్గా కూర్చునే టైముంది. అందుకే ఆ రోజు నొప్పి లేదు.

గడియ

సరే, బడిలో ఎందుకు వెళ్లడు? నేరుగా అడిగితే "ఏమో" అన్నాడు. ఐదేళ్లవాడిని ఎందుకు అని అడిగితే అంతకన్నా రాదు.

వాడి రోజుని పన్నెండు అట్టముక్కల మీద బొమ్మలుగా వేశాను. నిద్రలేవడం, ఆటో, గేటు, అమ్మ వెళ్లిపోవడం, క్లాసు, లంచ్ బాక్సు, ఆట, టాయిలెట్, అలా. చేతికి ఒక డబ్బాడు గుండీలు ఇచ్చాను. "ఎక్కడ బాగోదో అక్కడ గుండీలు పెట్టు. ఎంత బాగోకపోతే అన్ని." గేటు మీద రెండు పెట్టాడు. అమ్మ వెళ్లిపోయే బొమ్మ మీద రెండు. క్లాసు మీద ఏమీ పెట్టలేదు. లంచ్ బాక్సు మీద ఒకటి, మూత గట్టిదట. టాయిలెట్ బొమ్మ దగ్గరికొచ్చి డబ్బా మొత్తం బోర్లించేశాడు. బొమ్మ కనబడకుండా గుండీలు సర్దాడు. కొన్ని కింద దొర్లితే వంగి ఏరి మరీ పెట్టాడు.

కాసేపు నేనేమీ అనలేదు. టాయిలెట్ అంటే భయం అన్నప్పుడు ఎవరైనా ఏడిపించారా, తాకకూడని చోట తాకారా అన్నది మేం తప్పకుండా తెలుసుకోవాలి. కానీ ఆ మాట మనమే అందించకూడదు, అందిస్తే పిల్లలు అవునంటారో కాదంటారో వాళ్లకే తెలియదు. "అక్కడ ఏం జరిగిందో నాకు తెలీదు, నువ్వు చెప్తే వింటా" అన్నాను.

"గడియ రాదు ఆంటీ."

బడి మొదలైన రెండో వారం చివర్లో ఒకరోజు లంచ్ టైములో లోపలికెళ్లి గడియ వేసుకున్నాడు. తీద్దామంటే బిగుసుకుపోయింది. బయట పెద్ద క్లాసు పిల్లలు తలుపు బాదుతూ నవ్వుతున్నారు. ఎంతసేపో వాడికి తెలియదు, మూడు నిమిషాలే కావచ్చు. ఎలాగో వచ్చింది. చేతులు కడుక్కుని క్లాసుకి వెళ్లి కూర్చున్నాడు. లేటయ్యానని మిస్ తిడతారని ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో "ఇవాళ స్కూల్లో ఏం చెప్పారు?" అని అడిగారు, గడియ గురించి ఎవరూ అడగలేదు. ఇంకొకరి సంగతేదైనా ఉందేమోనని మరో రెండు సిట్టింగుల్లో చూశాను, లేదు. ప్యాంటు హుక్కు మాత్రం ఉంది, ఒక్కడే విప్పుకోలేడు.

ఈ కేసులో నేను నేర్చుకున్నది ఇక్కడుంది. "స్కూలుకెళ్లను" అన్నప్పుడు పిల్లాడికి ఆ ఒక్క మాటే చేతిలో ఉంది. బడి రోజంటే ఆరేడు గంటలు, ఇరవై రకాల పనులు, అందులో వాడికి గిట్టనిది మూడు నిమిషాలు కావచ్చు. ఏ మూడు నిమిషాలో పట్టుకోకుండా మొత్తం బడి మీద ధైర్యం నూరిపోస్తే ఉపయోగం లేదు. బడికి వెళ్లనని మొరాయించే పిల్లల మీద చాలాకాలం పనిచేసిన క్రిస్టఫర్ కెర్నీ కారణాల్ని నాలుగు రకాలుగా విడదీశాడు: బడిలో భయం పుట్టించేదాన్ని తప్పించుకోవడం, నలుగురి ముందు పరీక్షకి నిలబడాల్సిన సందర్భాల్ని తప్పించుకోవడం, ఇంట్లోవాళ్ల దగ్గరుండాలన్న కోరిక, బయట అంతకన్నా బాగున్నది దొరకడం. ఇళ్లలో గారాబమనీ మొండితనమనీ జరిగే గొడవలన్నీ చివరి రెండింటి మీదే. నేనూ మూడోదాని మీదే వాలాను. ఈ పిల్లాడిది మొదటిది.

చేసిన పనులు

మందు డాక్టర్ చూసుకున్నారు. మలం మెత్తబరిచే మందు, అదీ నెలల తరబడి. నాలుగు రోజులు బాగుందని మానేస్తే సాగిన పేగు మళ్లీ నిండుతుందని ఆయన గట్టిగా చెప్పి పంపారు. ఇంట్లో నిద్రలేచే టైము పాతిక నిమిషాలు ముందుకి జరిపాం. తిన్నాక పది నిమిషాలు టాయిలెట్‌లో కూర్చోవడం, కాళ్లు గాల్లో వేలాడకుండా కింద చిన్న పీట. "వచ్చిందా? వచ్చిందా?" అని అడగడం నిషేధం. ముందు లేవాలంటే ముందు పడుకోవాలి కాబట్టి రాత్రి టీవీ కట్టేశారు. 3 నుంచి 5 ఏళ్లవాళ్లకి పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, 6 దాటాక 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలి, వీడు ఎనిమిదిన్నర కూడా పడుకోవడం లేదు. నిద్ర సరిపోని పెద్దవాళ్లు మగతగా ఉంటారు, పిల్లలు చాలాసార్లు గెంతుతారు. టీచర్‌కి వాడు హైపర్‌గా కనబడటంలో దీని వాటా కూడా ఉంది.

ఆ 'హైపర్' మాట గురించి ఇంకొకటి. ఈ బాబు క్లాసులో అందరికన్నా చిన్నవాళ్లలో ఒకడు. ఐదేళ్ల వయసులో పది నెలల తేడా అంటే బతుకులో ఆరో వంతు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2012లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, అడ్మిషన్ గడువుకి కాస్త ముందు డిసెంబర్‌లో పుట్టి క్లాసులో చిన్నవాళ్లయిన అబ్బాయిలకి, జనవరిలో పుట్టిన పెద్దవాళ్లకన్నా ఏడీహెచ్‌డీ (కుదురూ ఏకాగ్రతా నిలవని రుగ్మత) ముద్ర 30 శాతం ఎక్కువగా పడింది, అమ్మాయిలకి 70 శాతం. చిన్నతనాన్నే జబ్బుగా చూసే ప్రమాదం ఉంది. మొదటి ఏడాది ఎవరైనా ఆ మాటంటే పిల్లాడి పుట్టిన నెల అడగండి. చెవులూ కళ్లూ కూడా పరీక్ష చేయించండి, మధ్యచెవిలో నీరు చేరి సరిగ్గా వినబడని పిల్లలు మాట వినని పిల్లల్లాగే కనిపిస్తారు. తల్లికి అక్షరాలు తిరగేసి రాస్తున్నాడని ఇంకో దిగులుండేది. ఏడేళ్లదాకా అది మామూలే అని చెప్పి అక్కడితో వదిలేశాం.

బడితో మాట్లాడటం అనుకున్నంత కష్టం కాలేదు, అనుకున్నంత త్వరగానూ కాలేదు. గడియ మార్పించమని అడిగితే మూడు వారాలు పట్టింది. ఈలోగా టీచరే దారి చూపించారు. లంచ్ బెల్లుకి ఐదు నిమిషాల ముందు, టాయిలెట్లు ఖాళీగా ఉన్నప్పుడు పంపేవారు. ఆయా బయట నిలబడేది, గడియ వేయక్కర్లేదు. అందరి ముందు అడగకుండా డెస్కు మీద ఎర్ర పెన్సిల్ పెడితే చాలు, ఆవిడకి అర్థమవుతుంది. ప్యాంటుకి హుక్కు తీసేసి ఎలాస్టిక్ వేయించారు.

తండ్రిని ఒక పని అడిగాను. పేరెంట్స్ మీటింగ్ రోజున వెళ్లి ఆ టాయిలెట్ చూసి రమ్మన్నాను. మర్నాడు ఫోన్ చేశారు. కాసేపు అటూ ఇటూ మాట్లాడి, "ఆ గడియ నాకే రాలేదు మేడమ్" అన్నారు. ఆ వారమే ఒక చెక్కకి గడియ బిగించి ఇంటికి తెచ్చారట, తండ్రీకొడుకులు దాన్ని వేసి తీసి ఆడుకోవడానికి. నటన అన్న మాట మళ్లీ వినలేదు.

ఇప్పుడు బడిలో చేర్చేముందు నా దగ్గరికి ఎవరు సలహాకి వచ్చినా అక్షరాల సంగతి తర్వాత అడుగుతాను. ప్యాంటు విప్పుకోవడం వచ్చా? లంచ్ బాక్సు మూత తీయగలడా? "మిస్, అర్జెంటు" అని గట్టిగా అనగలడా? బడి టాయిలెట్‌ని ఒక్కసారైనా అమ్మో నాన్నో పక్కనుండగా వాడాడా? సాయంత్రం ఏం చెప్పారని అడగొద్దు, "ఏం లేదు" అనే జవాబు వస్తుంది. ఎవరి పక్కన కూర్చున్నావు, ఇవాళ ఎవరికి తిట్లు పడ్డాయి, నీళ్లెక్కడ తాగావు అని అడగండి, కథలు బయటికొస్తాయి. నొప్పి నిద్రలోంచి లేపుతున్నా, బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా, జ్వరం, వాంతులు ఉన్నా, నొప్పి బొడ్డుకి దూరంగా ఒక పక్కనే ఉన్నా నా దాకా రాకండి, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

తర్వాత

పన్నెండో వారానికి పొద్దుటి నొప్పి వారంలో ఒకరోజుకి వచ్చింది. ఈ పద్ధతి మొదలయ్యాక బడి మానింది రెండు రోజులే, అవీ జ్వరంతో. సెలవుల తర్వాత మళ్లీ నాలుగు రోజులు గేటు దగ్గర ఏడ్చాడు. తల్లి టెన్షన్ పడింది గానీ అది ముందే చెప్పి ఉంచాం, సెలవుల తర్వాత వెనక్కి జారని పిల్లలు తక్కువ. ఐదో రోజుకి సర్దుకున్నాడు. మందు ఏడాది చివరిదాకా నడిచింది, మోతాదు మెల్లగా తగ్గిస్తూ.

ఆఖరిసారి వచ్చినప్పుడు గుండీల డబ్బా వాడే అడిగి తీసుకున్నాడు. టాయిలెట్ మీద రెండు పెట్టాడు. మిగతావన్నీ క్లాసు బొమ్మ మీద. తల్లి నా వైపు కంగారుగా చూసింది. పక్కన కూర్చునే అమ్మాయి రబ్బరు తీసుకుని తిరిగివ్వడం లేదట.

నీళ్ల సీసా ఇప్పుడు ఖాళీగా వస్తోంది, కొన్ని రోజులు అసలు రావడమే లేదు, పోగొట్టుకుని వస్తున్నాడు. చెక్క మీది గడియ కళ్లు మూసుకుని తీస్తాడు. ఇంట్లో బాత్రూం గడియ మాత్రం ఇప్పటికీ వేసుకోడు, తలుపు దగ్గరికేసి లోపల్నుంచి పాట పాడుతుంటాడట, ఎవరూ రాకుండా. దాని జోలికి మేం పోలేదు.